సున్నా దోషం

ఆదోని మార్కెట్ యార్డు, రెండో గేటు పక్కన
నలభై టన్నుల కాటా.
రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా
దాని అద్దాల గది నాది.
ఏం చదివినావని ఓనరు అడిగినప్పుడు చెప్పినా:
బీఎస్సీ. ఫిజిక్స్‌లో డెబ్బై ఎనిమిది.
"ఐతే మీట సరిగ్గా నొక్కుతావులే" అన్నాడు.

మా పక్క డబ్బును లెక్క అంటారు.
లెక్కుందా అంటే జేబు తడుముకోవాల.
నాకు లెక్కలొచ్చు. లెక్క లేదు.
ద్రవ్యరాశి అని నేను పైకి చదువుతుంటే
రొట్టెలు తడుతున్న మా అమ్మ హనుమక్క
"రాశి పోసేంత ద్రవ్యమా మే, యాడుంది?" అని నవ్వింది.

బండ్లు రాని గంటలో
చెడిపోయిన స్లిప్పు వెనకాల నా చదువును తూకమేస్తా.

ఫీజు సర్కారు కడతాదన్నారు.
రెండు కిస్తులు పడినాయి, తక్కినవి పడలా.
ఇరవై నాలుగు వేలు కట్టిందాకా
నా సర్టిఫికెట్ కాలేజీ బీరువా దాటలేదు.
నాయన మండీలో ముప్పై వేలు తెచ్చినాడు,
నూటికి రెండు, నెలకు ఆర్నూరు.
బస్ పాసు, రికార్డు బుక్కులు,
కర్నూలు పోయి రాసొచ్చిన రెండు పరీక్షలు,
ల్యాబులో నా చేతిలోంచి జారిన పట్టకం, నూట ఎనభై.
ఎవరూ రాయని పద్దు ఇంకోటుంది:
మూడేండ్ల పత్తితీత,
అమ్మ పక్క సాలులో నేను లేని కూలి.

జమ: నెలకు తొమ్మిది వేలు.
అందులో రూముకు పద్నాల్గు నూర్లు.
పదిలో ఆపేసిన మా చిన్నాయన కొడుకు తిక్కన్న
జేసీబీలో కూచోని
మీటలు కదిలిస్తాడు, ఇరవై రెండు వేలు.
కడుపుమంట లేదంటే అబద్ధం.

మొన్న ఆదివారం చేనికి పోయినా.
తళుక్కుమంది. లెక్కపెట్టినా.
ఆరో అంకెకు ఉరిమింది.
"రెండు కిలోమీటర్లే, లెయ్యండి!"
పన్నెండు మందిమి మడులు విడిచి
బడి వసారాలోకి ఉరికినాం.
పిడుగు పడలేదు.
అరపూట కూలి మాత్రం తెగింది.
ఉరుకుందవ్వ ఆ అరపూట నేనే బాకీ అంటుంది.
మబ్బేస్తే మాత్రం
ఆకాశం దిక్కు కాదు, నా దిక్కు చూస్తుంది.
ఆ చూపును ఎటు రాయాల,
జమలోనా, ఖర్చులోనా?

మొదటేడు స్క్రూగేజి చేతికిస్తూ
ఖాజా మొయిద్దీన్ సారు అనేవాడు:
"కొలిచే ముందు సున్నా చూడండ్రా.
ముందూ వెనకా అదే సున్నా ఐతే
ఎంత తప్పున్నా కొట్టుకపోతాది.
నడిమధ్యన జరిగితేనే మోసం."

ఈ రాత్రి మూడింటికి
కౌతాళం ట్రాక్టరు నిండుగా ఎక్కింది, స్లిప్పిచ్చినా.
పత్తి దించుకోను పోయింది.
ఓనరు బామ్మర్ది టీ తాగుతా వచ్చి
నా ముందర చెయ్యి చాపి ఏందో నొక్కి పోయినాడు.
కాటా మీద పిట్ట కూడా లేదు.
అద్దంలో ఎర్రగా ఇరవై.

నిండు తూకం ఒక సున్నా మీద,
ఖాళీ తూకం ఇంకో సున్నా మీద.
ఇరవై కిలోల పత్తి, ఇప్పటి రేటుకు
సరిగ్గా నా రూము అద్దె.

అట్లే కూచున్యా.
మాకూ ఇంతే జరిగినట్టుంది.
కాలేజీలో కాలు పెట్టినప్పుడు ఒక సున్నా చూపించినారు,
బయటికొచ్చేసరికి ఇంకోటి.
నడుమ ఎవరు జరిపినారో
ఏ రికార్డు బుక్కులోనూ లేదు.
నాయన ఇంకా ఆ తేడాకే వడ్డీ కడతా ఉండాడు.

ఖాళీ ట్రాక్టరు దడదడమంటా తిరిగొస్తాంది.
బురద చక్రం కాటా అంచును తాకకముందే
మీట నొక్కినా.
సరిగ్గానే నొక్కినా.
సున్నా.

స్లిప్పు వెనకాల
నికరం అని రాసిన చోట ఇంకా ఏమీ లేదు.
ఆరింటికి ఓనరొస్తాడు.