ఎగ్జాస్టెడ్

ఆటోనగర్‌లో మూడో రోడ్డు చివర
మున్సిపల్ స్కూలు.
ప్రహరీకి అటుపక్క లేతు మిషను,
ఇటుపక్క ఎనిమిదో తరగతి, బి సెక్షను.
నా సంచిలో నలభై రెండు ప్రశ్నల ఫారం.
ఇంగ్లీషు పాఠాలు పిల్లలకి అందుతున్నాయో లేదో
ఒకటి నుంచి ఐదు దాకా
అంకెల చుట్టూ సున్నా చుట్టాలి.

సలోమి టీచర్ కుర్చీ తుడిచి వేసింది.
టీచర్ల గైడు అడిగితే
కవరు చింపకుండానే చూపించింది.
"స్పీకరు పెట్టి సంభాషణ వినిపించమని ఉందండీ ఇందులో.
స్పీకరు రాలేదు.
మగగొంతూ నాదే, ఆడగొంతూ నాదే."
గోడవతల లేతు కీచుమన్నప్పుడల్లా
రెండు గొంతులూ ఒకేసారి ఆగుతాయి.
వినికిడి నైపుణ్యం:
రెండు అంకెకి సున్నా చుట్టాను.

పాఠంలో మంచు కురుస్తోంది.
మనవరాలు తాత చెయ్యి 'క్లచ్' చేసిందట.
ఎలా చేసింది? అంటే
మూడో బెంచీ మొత్తం
ఎడమకాలు నేలకి నొక్కి చూపించింది.
నవ్వు బిగబట్టి తప్పు పెట్టాను.

తాత కొండెక్కి ఇల్లు చేరి
'ఎగ్జాస్టెడ్' అయ్యాడు.
అంటే?
నాగుల్ మీరా లేచాడు.
గోళ్ళ సందుల్లో గ్రీజు,
మోచేతి దగ్గర వెల్డింగు రవ్వ పడ్డ మచ్చ.
బడి వదిలాక బాబాయి షెడ్డులో పానాలు అందిస్తాడట.
తిరగని ఫ్యాను వైపు కాసేపు చూసి అన్నాడు:
"పొగంతా బయటికెళ్ళిపోయింది మేడమ్.
లోపల ఇంకేం లేదు."

నా జవాబుల కాగితంలో
'అలసిపోవుట' అని ఉంది.
పక్కన రెండే గళ్ళు.

పొద్దున్న ఐదింటికి గుంటూరులో బస్సెక్కిన మనిషిని,
నాలుగు నెలలుగా ఊరూరి బళ్ళూ తిరుగుతున్నదాన్ని,
నా ఒంటి సంగతి
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది.

సరే, ఒక్క వాక్యం రాయి నాన్నా అన్నాను.
రాయలేకపోయాడు.
గ్యాస్కెట్, పిస్టన్ రింగు, సెల్ఫ్ మోటారు,
నోటితో అరవై మాటలు చెప్పినవాడు
నల్లబల్ల మీద మూడో అక్షరం దగ్గర
సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాడు.
అదీ నిజమే. దాన్ని దాచను.

పద్నాలుగో ప్రశ్న:
పాఠ్యాంశాలు విద్యార్థి జీవితానికి దగ్గరగా ఉన్నాయా?
నా భుజం మీంచి తొంగిచూసి
సలోమి టీచర్ నెమ్మదిగా అడిగింది:
"ఎటునుంచి కొలుస్తారండీ?"

దానికి ఏ అంకె చుట్టానో గుర్తులేదు.
మార్జిన్లో మాత్రం పెన్సిలుతో
పొగ, లోపల ఏం లేదు, అని రాసుకున్నాను.
మార్జిన్లు ఎవరూ కంప్యూటర్లోకి ఎక్కించరు.

సాయంత్రం సిటీ బస్సు కిక్కిరిసి ఉంది.
బెంజి సర్కిల్ మలుపులో
డ్రైవరు ఎడమకాలు ఒక్కసారి నొక్కాడు.
పడిపోకుండా
ముందు సీటు కమ్మీని
రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.