గొంతు అడుగున ఒక అక్షరం

నయీమా బామ్మ ఇవాళ కూడా
బాగ్దాద్‌లోనే నిద్ర లేచింది.
"నీళ్ళు మోసేవాడు వచ్చాడా?" అంది అరబ్బీలో.
వచ్చి కుండలు నింపి వెళ్ళాడన్నాను,
బీర్‌షెబాలో, నాలుగో అంతస్తులో,
కుళాయి తిప్పి గ్లాసు అందిస్తూ.

హీబ్రూ ఆమెను విడిచి ఏడాది దాటింది.
ముందు పెద్దమాటలు వెళ్ళిపోయాయి, పింఛను, ఓటు, అద్దె.
తర్వాత పిల్లలకు తనే పెట్టిన పేర్లు.
ఆఖరికి ఉప్పు.
గిన్నె అడుగున మిగిలింది అరబ్బీ,
అన్నం మాడులా.
ఆ మాడు కోసమే వాళ్ళింట్లో ఆరుగురు పిల్లలు
చెంచాలతో కొట్టుకునేవాళ్ళట.

గుడారాల శిబిరంలో దిగిన రోజు
నెత్తిన తెల్లపొడి కొట్టారు.
బల్ల వెనక గుమస్తా పేరడిగాడు.
నయీమాలో మధ్యన ఒక అక్షరముంది, ఐన్,
గొంతును లోపలి నుంచి పిండితే గాని రాదు.
అతనికి రాలేదు. రాకపోవడం అతని తప్పు కాలేదు.
నోమీ అని రాసి, తర్వాతివాళ్ళని పిలిచాడు.

డెబ్బై ఏళ్ళు ఆ అక్షరాన్ని మింగింది.
బస్సులో నోరు తెరవకమ్మా అనేవాడు కొడుకు.
రేడియోలో కైరో పాట వస్తే
కిటికీ మూసుకుని వినేవాళ్ళు.

ఇప్పుడు శుక్రవారాలు మనవడు యానివ్ వస్తాడు.
"అరబ్బు కాని మనిషి ఎవరూ లేరా?"
అని ఏజెన్సీని మొదట అడిగింది అతనే.
లేకేం, ముగ్గురొచ్చారు. బామ్మ ఆకలంటే
ఒక్కరికీ అర్థం కాలేదు. నన్ను పంపారు.
మేం కబుర్లాడుతుంటే అతను మెల్లగా,
చాలా మర్యాదగానే అంటాడు:
"కిటికీ వేసి మాట్లాడండి, ఎదురింటివాళ్ళు..."

ఆమె నన్ను సబ్హా అనదు.
అబ్దా అంటుంది. బానిసపిల్లా అని.
ఆ మాటా ఐన్‌తోనే మొదలు.
డెబ్బై ఏళ్ళు దాచినా తుప్పు పట్టలేదు,
నా మీద ఎంత స్పష్టంగా పలుకుతుందో.

కొత్తగా వింటున్నానా?
రహత్‌లో మా వీధిలోనే విన్నాను.
ఒకే మసీదు, ఒకే చెప్పుల వరస,
ఒకే బుల్డోజరు ముందు ఒకే దుమ్ము తిన్నాం.
అయినా సులేమాన్ తల్లి మా అమ్మతో అంది,
కాఫీ తాగి, కప్పు బోర్లించి, ప్రేమగానే:
"నీ కూతురు బంగారం. రంగే..."
తొమ్మిదేళ్ళయింది. ఆ వాక్యం ఇంకా పూర్తి కాలేదు.

బస్టాండు గేటు దగ్గర వర్కు నా సంచి తెరుస్తాడు.
గోందర్ కొండల నుంచి వచ్చిన యూదుడు,
మా అన్నయ్య అంటే నమ్మేంత నలుపు.
రోజూ చూసే మొహమే, రోజూ "కార్డు" అంటాడు.
పోయిన మంగళవారం, యూనిఫాం విప్పి ఇంటికెళ్తుంటే,
పోలీసులు అతన్నే గోడకి నిలబెట్టారు.
నేను చూశాను. నేను చూడటం అతను చూశాడు.
బుధవారం నా సంచి మరింతసేపు వెతికాడు,
టిఫిన్ డబ్బా మూత కూడా తీసి.
మంగళవారం నాలో ఎక్కడో చల్లగా అనిపించింది.
ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

రాత్రి జ్వరమొస్తే మాత్రం బామ్మ
నా చేతిని చెంపకి అదుముకుని "ఐనీ" అంటుంది.
నా కన్నూ అని. అదే ఐన్.
పగటి మాట నాదా, రాత్రి మాట నాదా?
అడుగుదామంటే ఆ వేళకి ఆమె
బాగ్దాద్ కూడా దాటి పోయి ఉంటుంది.

నిన్న యానివ్‌ని చూసి గుమస్తా అనుకుంది.
వేలు చూపించి కేకలేసింది.
"ఏమంటోంది?"
అతనికెప్పుడూ సగం తీసేసి చెబుతాను.
చిక్కిపోయావంటోంది, పెళ్ళెప్పుడంటోంది.
నిన్న తీసేయలేదు.
"నా పేరు సరిగ్గా రాసుకోమంటోంది."
నవ్వబోయి ఆగాడు. "నాయిమా" అన్నాడు.
కాదు.
"నహీమా."
కాదు. నా గొంతు మీద వేలు పెట్టి చూపించాను, ఇక్కడ.
అతని మెడ నరం ఉబ్బింది, దగ్గొచ్చింది,
కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గుకే అనుకుంటాను.

"అబ్దా," అంది బామ్మ విసుగ్గా, "ఉక్కగా ఉంది, కిటికీ తెరువు."
యానివ్ నా వైపు చూశాడు.
ఆ మాట ఎదురింటి దాకా వినబడేలా
రెండు రెక్కలూ బార్లా తెరిచాను.