మినిట్సులోకి ఎక్కనివి

జనవరి రెండో మంగళవారం. సాయంత్రం ఆరున్నర.
ఏడుగురు పార్కుల కమిషనర్లలో ఆరుగురు హాజరు. కోరం ఉంది.
ఇది రాశాను.
ఏడో ఆయన కారు హైవే పక్కన మంచులో కూరుకుపోయిందనీ
ఫోన్‌లో ఆయన గొంతుకన్నా వైపర్ల చప్పుడే ఎక్కువ వినిపించిందనీ
రాయలేదు.

ఉత్తర మినెసోటాలో ఈ చిన్న ఊరికి
ఇరవై రెండేళ్లుగా గుమాస్తాని. నా పని ఇంతే:
ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎన్ని ఓట్లు.
మాటల్లోంచి ఊపిరి తీసేసి
మిగిలినదాన్ని ఫైల్లో పెట్టడం.

మొదటి అంశం: స్వచ్ఛంద సేవకులకు సన్మానం.
నామినేషన్ రెండు పేజీలు మించకూడదు.
సేవ చేసిన గంటలు అంకెల్లో చూపాలి.
హాల్వర్ టోర్గర్సన్ గంటలు ఎవరూ లెక్కపెట్టలేదు.
వాగు పక్క పార్కులో పన్నెండేళ్లుగా
బక్‌థార్న్ పొదలు పీకుతున్న మనిషిని
ఎన్ని గంటలండీ అంటే
"పొదలు ఇంకా ఉన్నాయి" అన్నాడట.
అధ్యక్షురాలిగా దిగిపోతున్న మాయ్ కౌ షియాంగ్
ఆ గడిలో తనే లెక్క వేసింది:
ఏడాదికి నలభై శనివారాలు, పూటకి మూడు గంటలు,
మొత్తం వెయ్యిన్నీ నాలుగొందల నలభై.
పెద్దాయన ఆ అంకెను
ఎవరో తన పేరు మీద చేసిన అప్పులా చూశాడు.

సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకి ఒక అక్షరం ఎగిరిపోయింది.
చప్పట్లు పడ్డాయి. ఫొటో కోసం టోపీ తీసి,
ఆ కాగితాన్ని ఎలా పట్టుకోవాలో తెలీక
నారుమొక్కని పట్టుకున్నట్టు మొదట్లో పట్టుకున్నాడు.
"నాతో వచ్చిన బడిపిల్లల పేర్లేవి?" అన్నాడు.
రెండు పేజీలు మించకూడదు గదా.

రెండో అంశం: అధ్యక్ష ఎన్నిక.
సుత్తి పట్టుకోవాలని ఎవరికీ ఉండదు,
పక్కవాడు పట్టుకుంటే చూడాలనీ ఉండదు.
లోరెటా విక్‌స్ట్రోమ్, ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి,
ఏ వీధిలో ఏ కుక్క కరుస్తుందో తెలుసు.
అబ్దిరిజాక్ వర్సమే, సిటీ బస్సు డ్రైవరు,
ఏ పార్కు ముందు స్టాపు లేదో తెలుసు.
మూడు, మూడు.
చేతులెత్తే ఓటు కనుక చూశాను:
ఇద్దరూ ఎదుటివాళ్లకే ఎత్తారు.
మళ్లీ పెడితే మళ్లీ
మూడు, మూడు.

నిబంధనలు, పదకొండో పేజీ: సమానమైతే చీటీ తీయాలి.
చీటీలు వేయడానికి గిన్నె లేదు.
కప్పుల్లో కాఫీ ఉంది.
వెనక వరసలోంచి హాల్వర్ తన ఉన్ని టోపీ చాపాడు.

తీసేది కూడా మీరే తీయండి, అంది మాయ్ కౌ.
గోళ్ల కింద మట్టి వదలని వేళ్లు
లోపలికి వెళ్లి, వేరు ఎక్కడుందో తడిమినట్టు
చాలాసేపు తడిమాయి.
బయటికొచ్చిన చీటీకి ఒక ముల్లుకాయ అంటుకుని ఉంది,
అక్టోబరు నాటిది, ఎండినా పట్టు వదలనిది.
ఆ కాయ వల్లే ఆ చీటీ చేతికి తగిలిందేమో.
ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

వర్సమే సుత్తి అందుకున్నాడు.
పిడి వదులు, నల్ల టేపు చుట్టి ఉంది. కొట్టలేదు.
బల్ల మీద మెల్లగా ఆనించి
సర్టిఫికెట్ వెనక్కి అడిగాడు,
పోయిన అక్షరాన్ని పెన్నుతో ఇరికించాడు.
"ఇక ఆ పిల్లల పేర్లు చెప్పండి."
ఎజెండాలో లేని అంశం. లోరెటా బలపరిచింది.

హాల్వర్‌కి ఏడు పేర్లు గుర్తొచ్చాయి.
ఎనిమిదోది ఎంతకీ రాలేదు.
"ఎర్ర చేతితొడుగులు," అన్నాడు చివరికి,
"చలికి ఏడ్చింది గానీ ఇంటికి పోలేదు."

రాత్రి పదింటికి టైపు చేశాను, పేర్లన్నీ,
వాటి కింద: ఎర్ర చేతితొడుగుల అమ్మాయి.
వచ్చే నెల ఆమోదిస్తారో, కొట్టేయమంటారో.
కోటు విప్పుతుంటే మోచేతికి
ముల్లుకాయ.