అరువు ముక్కు

తాలిన్‌లో జనవరి ఉదయం ఎనిమిదంటే
ఇంకా చీకటే.
రాత్రి డ్యూటీ దిగి బేకరీ నుంచి వస్తూ
మూడో అంతస్తులో ఆగుతాను.
తలుపు తట్టకముందే లోపల్నుంచి ఈల.
పిపర్, అంటే మిరియం, బూడిదరంగు కాకటీల్.
దానికి నా బూట్ల చప్పుడు తెలుసు.

హెల్వి సీసా చేతికిస్తుంది.
చూడమనదు. పీల్చమంటుంది.

శరదృతువులో వచ్చిన జ్వరం
పోతూ పోతూ ఆమె వాసనలన్నీ మూటగట్టుకుపోయింది.
కాఫీ వట్టి వేడినీళ్ళు,
సబ్బు ఒక జారే రాయి.
"మాడితే పొగ కనబడుతుంది,
గ్యాస్‌కి గంట పెట్టించాను,
గింజలకేం పెట్టించను?" అంది
ఆ ముక్కుసూటి మనిషి.

అలా నా ముక్కు అరువుకెళ్ళింది.

"ముందు చేతులు కడుక్కో."
రోజూ అదే మాట, రోజూ అదే సబ్బు.
నా గోళ్ళ సందుల్లో రై పిండి ఉంటుంది మరి.
నాది పులుపు వృత్తి.
మూడు రోజులు పులియబెట్టిన పిండిలో
బుడగ లేస్తే మాకు పండగ.
ఇక్కడ అదే బుడగ కనబడితే
సీసా మొత్తం చెత్తబుట్టలోకి.
ఒకే వాసన, కింద వీధిలో అన్నం,
మూడో అంతస్తులో విషం.

తోటల కొట్లో గులాబిరంగు మందు పూసిన విత్తనాలు
ఈ ఇంటి గడప తొక్కవు.
పక్షులకనే అమ్మే కొర్రలు, గోధుమలు, కాసిని పెసలు,
రాత్రంతా నాని, ఆ నీళ్ళు పారబోయించుకుని,
పూటపూటకీ స్నానం చేసి,
పల్చటి గుడ్డ కట్టిన సీసాలో
తలకిందులుగా, ఏటవాలుగా పడుకుంటాయి.
"నీళ్ళు నిలిచాయా, అంతే" అంటుంది.
పడవలు బాగుచేసే యార్డులో
ముప్పై ఏళ్ళు అదే మాటన్న మనిషి.

ఒకప్పుడు ఇంకో పక్షి ఉండేది. సోల్, అంటే ఉప్పు.
జూలై ఎండల్లో ఒక రోజు
సీసాని కిటికీలో మరిచిపోయింది.
మొలకల వాసనే కదా అనుకుందట,
అప్పుడు ముక్కు పనిచేసేది కూడా.
సోల్ ఈకలు ఉబ్బించుకుని
పంజరం నేల మీద కూర్చుంది రెండు రోజులు.
మూడో రోజు లేదు.
"అవే అయ్యుండొచ్చు" అన్నాడట డాక్టరు.
ఆ "అయ్యుండొచ్చు"ని
హెల్వి ఇంకా కడుగుతూనే ఉంది.

పోయిన సోమవారం నాకు జలుబు.
సీసాలో గింజ గింజకీ తెల్లటి కొస,
కామా అంత, ముచ్చటగా.
బాగానే ఉందని అనబోయాను.
పిపర్ తల పక్కకి వంచి నన్నే చూస్తోంది.
"ఇవాళ నాకూ తెలియట్లేదు" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు.
రెండు రోజుల మొలకలు
కాఫీ పిప్పి మీద గుమ్మరించింది.
సీసాని సలసల కాగే నీళ్ళతో కడిగింది.
పిపర్‌కి ఎండు గింజలు పోస్తే
అది ఒక్కొక్కటే తీసి నేలకేసి కొట్టింది.
ఆ వంటగదిలో మూడు ముక్కులు,
పనిచేస్తున్నది ఆ ఒక్కటే,
దానికి వాసన పట్టడం రాదు, పగలగొట్టడం వచ్చు.

గురువారానికి నా ముక్కు సగం తెరుచుకుంది.
కొత్త సీసా. గుడ్డ విప్పి పీల్చాను,
ఆగి, మళ్ళీ పీల్చాను.
"బాగుంది. పచ్చి వాసన."

పళ్ళెంలో రెండు చెంచాలు వేసి,
గంటన్నరకి గడియారం పెట్టింది,
తినగా మిగిలింది తీసేయడానికి.
పిపర్ అప్పటికే దిగిపోయింది,
ముక్కంతా తడి.

నేను కోటు తొడుక్కుంటుంటే అడిగింది:
"పచ్చి అంటే? ఎలాంటి పచ్చి?"

బఠాణీ తొక్క విరిచినట్టు, అన్నాను.
"ఇంకా?"
రాత్రి వాన పడిన గడ్డి.
"కోసిందా, కోయందా?"

కోటు విప్పి కూర్చున్నాను.