ముప్ఫై బై నలభై

ఆదివారం రాత్రి ఎనిమిదీ నలభై ఏడుకి ముగుస్తుంది వేలంపాట.
భోజనాలయ్యి, పిల్లలు పడుకుని
జనం ఫోన్లు చేతిలోకి తీసుకునే వేళ అదేనని
మా మేనకోడలు కింగా లెక్కకట్టి చెప్పింది.

చూస్తున్నవారు: పదకొండు.
పాడినవారు: సున్నా.

పదకొండు మంది నా వంటింట్లోకొచ్చి నిలబడితే
ఒకరైనా దగ్గేవారు,
ఒకరైనా బోగ్నా, ఇదేం రంగు? అని అడిగేవారు.
వీళ్ళు గడ్డకట్టిన ఓద్రా నది అడుగున చేపలు.
ఉన్నారని తెలుస్తుంది, అంతే.

ఇది నాలుగోసారి పెట్టడం.
మొదటిసారి ఒకాయన రాశాడు:
ఫ్రేము విడిగా ఇస్తారా?
రెండోసారి ఒకావిడ:
చేత్తో వేసిందా, అచ్చేసిందా?
చేత్తోనే అన్నాను.
అయితే ఆ గీత ఎందుకు వంకర అంది.
మూడోసారి ఎవరూ ఏమీ అడగలేదు.
ఫ్రేము అడిగినాయనే నయమనిపించింది.

ఇరవై ఆరేళ్ళు ష్చెచిన్ ఓడల కర్మాగారంలో
ఓడల ఒంటిమీద అంకెలు రాశాను.
నీళ్ళు ఎంత పైకి తాకాయో చెప్పే తెల్లటి అంకెలు,
జానెడేసి ఎత్తు.
తాళ్ళ మీద వేలాడుతూ, గాలికి ఊగుతూ,
ఏడు అంటే ఏడే, తొమ్మిది అంటే తొమ్మిదే.
ఒక్కరోజూ చెయ్యి వణకలేదు.
ఇప్పుడు కుర్చీలో కూర్చుని
ఒక గడిలో ఒక్క అంకె వెయ్యాలి,
నా బొమ్మ వెల.
నూట ఇరవై. కొట్టేశాను.
తొంభై.
కొట్టేశాను.
డెబ్బై జ్లోటీలు వేసి
చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను.

బొమ్మలో క్రేన్లున్నాయి, వాటి వెనక ఒక నీలం ఉంది.
డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకి వస్తుంది ఆ నీలం,
కెటిల్లో నీళ్ళు మరిగేలోగా పోతుంది.
దాన్ని పట్టుకోడానికి మూడు వారాలు పట్టింది నాకు.
ఫోటోలో బట్టల సబ్బు.
కిటికీ దగ్గర తీశాను, బాల్కనీలో తీశాను,
దుప్పటి కప్పుకుని లోపల తీశాను.
సబ్బే.
చివరికి కింద రాశాను:
అసలు రంగు ఇంతకన్నా బావుంటుంది.
అమ్మేవాళ్ళంతా అనే మాటే కదా.

ఒకటోసారి, రెండోసారి అని అరిచే గొంతు లేదు.
బల్ల మీద సుత్తి లేదు.
పేరుకి పాట, ఇంత నిశ్శబ్దమైన పాట నేనెక్కడా వినలేదు.
తొమ్మిది సెకన్లుండగా
వలేరి54 అనే అతను పాడాడు.
డెబ్బై. పైన ఒక్క జ్లోటీ లేదు.

బోణీ!
గిన్నెలు కడగకుండానే పడుకున్నాను.

చిరునామా చూస్తే రెండు ట్రాము స్టాపుల దూరం.
పోస్టుకి పందొమ్మిదవుతుంది, నడిచే వెళ్ళాను,
పాత షవర్ కర్టెన్‌లో చుట్టి, చంకలో పెట్టుకుని.
లిఫ్టు పనిచెయ్యదు. నాలుగో అంతస్తు.
తలుపు తీసినాయన చేతిలో స్క్రూడ్రైవరుంది.
మూట విప్పి, బొమ్మ చూడకుండా టేపు సాగదీశాడు.
ముప్ఫై. నలభై.
హమ్మయ్య, సరిపోయింది అన్నాడు.
గుమ్మం పక్కన కరెంటు మీటరు,
దాన్నుంచి వేలాడే వైర్లు
వాళ్ళావిడకి చూస్తే గిట్టదట.
ఏడాది నించీ ఈ కొలతకి వెతుకుతున్నాడట.

ఒక పక్క బందులు బిగించి తగిలించాడు.
హాల్లో బల్బు వేశాడు, మురికి పసుపు బల్బు.
దాని కింద
ఆ నీలం వచ్చింది.
అదే. సబ్బు కాదు.

నా బూట్ల నించి మంచు కరిగి ఆయన చాప తడుస్తోంది.
ఇంకేమైనా ఇవ్వాలా? అన్నాడు.
లేదన్నాను.
కాసేపాగి ఆయనే,
మీరే వేశారా? అని,
జవాబు వినకుండా బొమ్మని తలుపులా తెరిచి చూపించాడు:
రెండు నెలలకోసారి కరెంటు మనిషి వస్తాడు,
ఇలా తీసి అంకె రాసుకుంటాడు, చూడండి, ఎంత సులువో.
మీటరు మీద తెల్లటి అంకెలు.
ఏడు కొంచెం వంకరగా ఉంది.

ఇంటికొచ్చి ఇంకో బొమ్మ పెట్టాను.
ఈసారి కొలతలు అన్నిటికన్నా పైన రాశాను.
రంగు గురించి
ఏమీ రాయలేదు.