ముప్పై ఒకటో రోజు

మా చేపల ఓడలో వంటవాడు బ్రాయిస్.
రిబైరా రేవు విడిచిన సాయంత్రం
ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని
తన ఈ-రీడర్‌ను అంగీ అంచుతో తుడిచాడు.
"ఇందులో నూట పద్నాలుగు పుస్తకాలున్నాయి,
అన్నీ కొన్నవే, ఒక్కటీ దొంగది కాదు" అన్నాడు,
కొత్త పళ్లసెట్టు చూపించే ముసలాయనలా.

న్యూఫౌండ్‌లాండ్ వైపు, నెట్ అందని నీళ్లు.
వల దించాక, వల ఎత్తేలోగా
మాకు దక్కేది నాలుగు గంటల నిద్ర.
అందులో ఓ అరగంట కోసి
బ్రాయిస్ చదివి వినిపించేవాడు.
కథలో ఒక ఉప్పు కొఠారు, ఒక శవం,
ఆరుగురు అనుమానితులు, ఒక కుంటి పోస్ట్‌మాస్టరమ్మ.
చేపల పొట్టలు చీలుస్తూ
పగలంతా మాకదే పంచాయితీ: చంపిందెవరు?
ఇంజను చూసే ఉషీయో
ఎనిమిది యూరోలు కాశాడు పోస్ట్‌మాస్టరమ్మ మీద.
నేనూ ఎనిమిది, చచ్చినవాడి తమ్ముడి మీద.
తమ్ముళ్ల సంగతి నాకు తెలుసు.

ముప్పై ఒకటో రోజు రాత్రి
పోస్ట్‌మాస్టరమ్మ సొరుగు తాళం తీస్తోంది.
సరిగ్గా అక్కడ
తెర బూడిదరంగుకు తిరిగింది.
"మీ అనుమతి సరిచూడాలి. నెట్‌కు కలపండి."

బ్రాయిస్ ఆపి, మళ్లీ పెట్టాడు.
కిటికీకి ఎత్తి పట్టాడు.
చుక్కాని గది కప్పు మీదికెక్కి
తప్పిపోయిన పిల్లాడి ఫోటోలా
నాలుగు దిక్కులకూ చూపించాడు.
చుట్టూ నాలుగు వందల మైళ్ల నీళ్లు,
ఏ అలా సాక్షి సంతకం పెట్టదు.

పాటలు పెట్టమన్నాం, మాట మార్చడానికి.
ఫోనులో పాటలూ అంతే.
పేర్లున్నాయి, గొంతుల్లేవు,
ఒక్కో పేరు పక్కన చీమంత తాళం.
వాళ్లమ్మ పోయిన ఏడు కొన్న పాట కూడా.
దాన్ని మాత్రం రెండుసార్లు నొక్కి చూశాడు.
నేను చూడనట్టు
తాడు ముడి విప్పుతూ కూర్చున్నాను.
ఆ తాడుకు ముడే లేదు.

"కొన్నాను" అన్నాడు చివరికి.
"బొత్తాం మీద అదే రాసుంది, కొనండి అని.
అద్దెకు తీసుకోండి అని రాసుంటే
అద్దె డబ్బులే ఇచ్చేవాణ్ణి కదా."

నా బూట్లు అడుగు తీసి అడుగు వేసేముందు
ఎవర్నీ అడిగి రమ్మనవు.
బ్రాయిస్ గరిటె నెలకోసారి
కొట్టువాడి మొహం చూసొస్తానని మొరాయించదు.
డబ్బు తీసుకున్నాక కూడా
దారం కొస ఎవరో వదలరని
యాభై మూడేళ్లకు తెలిసింది మా వంటవాడికి.

మర్నాడు ఉషీయో ఇంజను గదిలోంచి
పాత కౌబాయ్ నవలొకటి తెచ్చాడు.
డీజిల్ తాగి ఉబ్బిన అట్ట,
మొదటి పేజీలో ఏడుగురి పేర్లు.
ముగ్గురు ఇప్పుడు సముద్రంలో ఉన్నారు,
ఒకడు లిస్బన్‌లో టాక్సీ తోలుతున్నాడు.
చివరి పన్నెండు పేజీలూ
ఎవడో పొగాకు చుట్టుకుని తాగేశాడు.
"దీనికీ ముగింపు లేదుగా" అన్నాను.
"లేదు. కానీ చించినవాడు
చుట్టుకోడానికి కాగితం లేనివాడు.
వాడి మీద కోపం రాదు" అన్నాడు ఉషీయో.

తిరుగు ప్రయాణం. గట్టు మీదికి తాడు విసరకముందే
ఈ-రీడర్ గుయ్‌మంది, అనుమతి దొరికింది.
నూట పదమూడు పుస్తకాలు తెరుచుకున్నాయి.
ఉప్పు కొఠారు కథ లేదు.
హక్కులు చేతులు మారాయట, మర్యాదగా రాశారు.
నాలుగు యూరోల తొంభై తొమ్మిది సెంట్లు వాపసు.
బ్రాయిస్ నాకు చూపించాడు,
ఒక్క సెంటు తక్కువ లేదు.

పందెం డబ్బు ఇంకా ఉప్పు డబ్బాలోనే ఉంది,
పదహారు యూరోలు. ఎవరివో తేలలేదు.

ఈసారి బయల్దేరిన రోజు
ఉల్లిపాయల బస్తా జరుపుతుంటే
ఏదో నలుచదరంగా తగిలింది మోకాలికి.
అదేంటని అడగలేదు.
"పోస్ట్‌మాస్టరమ్మ ఏం చేస్తోంది?" అన్నాను.
"ఇంకా తాళం తీస్తూనే ఉంది" అన్నాడు బ్రాయిస్,
ఉల్లిపాయ తరుగుతూ,
కళ్లు తుడుచుకోకుండా.