పార్సిల్‌కి పద్నాలుగు

కుమారి లెక్క ఒడియా అంకెల్లోనే రాస్తుంది.
గుణుపురం బడి తిప్పిన చెయ్యి అది.
తెలుగులో తిట్టుకుంటూ ఒడియాలో కూడుతుంది.

రెండు బళ్లు. ఒకటి నాది, ఒకటి ఫైనాన్సు వాళ్లది.
రెంటి మీదా కంపెనీ బొమ్మే;
రంగు వెలిస్తే మాత్రం జరిమానా నాకు.

పార్సిల్‌కి పదహారు. తిరిగొస్తే సున్నా.
వంశధార పొంగిన మూడు రోజులూ
సరుకు గొడౌన్లో పడుకుంది,
ఆలస్యానికి కోత నా బిల్లులో పడింది.
ఏటికి కోత వేసే కాయితం వాళ్ల దగ్గర లేదట.

మిల్లులో బస్తాలు మోసిన రోజుల్లో
వీపు నొప్పి రాత్రికి దిగిపోయేది.
ఇప్పుడు మోసేది కాయితాలు. దిగవు.

నిన్న రాత్రి ఫోన్లో ఉత్తరం:
వచ్చే నెల నుంచి పద్నాలుగు.
ఇంగ్లీషులో, చాలా మర్యాదగా.
ఒప్పుకుంటే ఇక్కడ నొక్కండి.
ఒప్పుకోకపోతే ఎక్కడ నొక్కాలో లేదు.

కుమారి పెన్ను చెవి వెనక దోపింది.
"రెండు రూపాయలే గదా అనుకోకు.
ఆ రెండే మనం తింటున్నది."

నిజమే.
మరి దీన్ని ఏ గడిలో రాయను?
పుట్టాసింగి కొండ మీద, ముసలమ్మ ఫోను పట్టుకుని
బండరాయెక్కి, ఓటీపీ కోసం
ఆకాశానికి చెయ్యెత్తి నిలబడ్డ సుక్రు సబరని?
పెట్టెలోది చెవి మిషను.
పెట్టుకున్నాక ఆమె మొదట విన్నది
మా బండి సైలెన్సరు రొద.
సవర భాషలో తిట్టిందట, నోరారా.
సాయంత్రం వచ్చి చెప్తూ వాడు నవ్వలేక కూలబడ్డాడు.

ఇంకోటి, సిగ్గుపడకుండా చెప్తే:
గొడౌన్ గుమ్మం మీద నా పేరుంది.
మూడు లిపుల్లో, ఒక్కదాంట్లోనూ తప్పు లేకుండా.

తెల్లవారి ఐదు. విశాఖ లారీ దింపి వెళ్లిపోయింది.
సుక్రు అప్పుడే వచ్చి అద్దం తుడుస్తున్నాడు.
పద్నాలుగు సంగతి వాడికింకా తెలీదు.
వాడి జీతం చుట్టూ కుమారి రాత్రి
ఎర్రసిరాతో సున్నా చుట్టింది, ముట్టుకోవద్దని.

స్టార్టరు పోయి పదకొండు రోజులు.
కొత్తది నాలుగువేల రెండొందలు.
"ఓ చెయ్యి ఎయ్యండి బావూ" అంటాడు.

ఫోను జేబులో పెట్టుకుంటాను, ఏదీ నొక్కకుండా.
కుమారి పుస్తకం మెట్టు మీద పెట్టి
కుచ్చిళ్లు దోపుకుని వస్తుంది.

పల్లం దాకా తోస్తే చాలు,
సెకండు గేరులో అదే అందుకుంటుంది.
అందుకోని రోజు ఇంకా రాలేదు.